వేలికి తెలియని గాలి

మా నల్లగండ్ల అపార్ట్‌మెంటులో నా పాత కారంటే అందరికీ చులకనే. పెద్ద మెకానిక్ షెడ్లవాళ్లయితే దాన్ని చూడగానే మొహం తిప్పుకుంటారు. దానికి ఇంకా మర్యాద ఇచ్చేది కొత్తగూడ సందులో రేకుల షెడ్డున్న మెకానిక్ పోచయ్య ఒక్కడే.

ఇంజన్‌లో మంట సరైన క్షణంలో అంటుకునేలా టైమింగ్ పెట్టే ముందు పోచయ్య మొదటి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోకి కూల్‌డ్రింక్ స్ట్రా దించి, పానాతో ఇంజన్ని మెల్లగా తిప్పుతాడు. పిస్టన్ పైకొస్తుంటే స్ట్రా లేస్తుంది. అయితే పిస్టన్ పైకొచ్చేది రెండుసార్లు. ఒకసారి పొగని బయటికి తోయడానికి, ఇంకోసారి గాలిని నొక్కి మంటకి సిద్ధం చేయడానికి. టైమింగ్‌కి కావలసింది ఆ రెండోదే. స్ట్రాకి ఆ తేడా తెలియదు. రంధ్రం మీద బొటనవేలు పెడితే, ఆ రెండోసారి మాత్రం నొక్కుకుపోయిన గాలి వేలిని తోస్తుంది. పోచయ్య బతుకంతా ఆ వేలి మీదే నడిచింది.

మొన్న అతను టైమింగ్ పెట్టి తాళం తిప్పగానే కారు ఫట్‌మని పేలింది. మళ్లీ విప్పి పెట్టాడు. మళ్లీ ఫట్.

"బండి ముసల్దైంది సారూ," అన్నాడు మళ్లీ ప్లగ్గు విప్పి, చెమట తుడుచుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. లోకమంతా అన్నా పడతాను గానీ, పోచయ్య అంటే ఎలా పడేది?

పక్కనే చాయ్ బండి నడిపే అతని భార్య నీలమ్మ, స్టవ్ తగ్గించి వచ్చింది.

"బండిది ఏం తప్పు లేదు. నీ ఏలుకే తెలుస్తలేదు. పొద్దుగాల చాయ్ గిలాసకు ఏళ్లు కాలినా నీకు సోయి లేదు. షుగరొచ్చి మొద్దుబారినయ్, దవాఖానకు పోదమంటే ఇంటవా?"

పోచయ్య పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఏలే పోయినంక ఇగ షెడ్డెందుకే? మూసేస్త," అన్నాడు.

ఆ మాట లోపల ఎన్నాళ్ల నుంచో మోస్తున్నవాడిలా, నీరసంగా అన్నాడు. నాకు నిజంగా భయమేసింది. కారు సంగతి గుర్తే రాలేదు.

నీలమ్మ కొంగు దోపుకుని, రంధ్రం మీద తన బొటనవేలు పెట్టింది.

"తిప్పు."

"నీకేం తెలుస్తదే?"

"తిప్పుమంటున్న గద!"

ఓపిక లేకపోయినా లేచి పానా అందుకున్నాడు. ఇంజన్ తిరిగింది. స్ట్రా ఉంటే ఒకసారి లేచి దిగేదే గానీ, నీలమ్మ ఉలకలేదు. ఇంకా తిప్పాడు. ఆమె ఉలిక్కిపడింది.

"ఇగో! తోస్తుంది. తోస్తుందయ్యా!"

పోచయ్య ఆమె వేలు తీయించి స్ట్రా దించాడు. అది లేవడం ఆగేదాకా కొంచెం కొంచెంగా తిప్పి, అక్కడ నిలిపి టైమింగ్ పెట్టాడు. ప్లగ్గు బిగించి తాళం తిప్పగానే కారు అందుకుంది.

నేను సంబరపడ్డాను. అతను పడలేదు. గుడ్డ తీసుకుని, నీలమ్మ వేలికంటిన నల్లటి నూనె తుడుస్తూ కూర్చున్నాడు.

"ఎట్లుండెనే?" అని అడిగాడు మెల్లగా.

"ఎవలో లోపట్నుంచి తోసినట్టుండె. జర యెచ్చగ."

పోచయ్య తల ఊపాడు.

"అవు," అన్నాడు. "గట్లనే ఉంటుండె."