మైనస్ బరువు ఫ్యానూ, సుమారు మాస్టారూ

సుమారు మాస్టారు ఏ సంగతినీ సూటిగా కనుక్కున్న పాపాన పోలేదు. ఏది తెలుసుకోవాలన్నా ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి, నడుమ ఒకసారి చూసుకుని, ఆ మూడింటి మీదుగా మనసులో ఒక గీత గీసుకునేవారు. గీత కుదిరిందా, ఇక అసలు సంగతితో ఆయనకు పని లేదు. ఎవరేం అడిగినా గీతనడిగి చెప్పేవారు.

నిజానికి ఆయన మాస్టారూ కారు, ఆయన పేరు సుమారూ కాదు. ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. 'సుమారుగా' అనకుండా ఏ మాటా మొదలుపెట్టరు కాబట్టి సుమారు, మొదలుపెట్టాక పాఠం చెప్పకుండా వదలరు కాబట్టి మాస్టారు. ఈ పేరు పెట్టిందెవరని అడిగితే ఆఫీసులో అందరూ పక్కవాణ్ణి చూపిస్తారు.

ఆయన చొక్కా కొనడం చూసి తీరాలి. ముందు ఐదేళ్ల పిల్లాడి చొక్కా తెమ్మనేవారు. అందులో చెయ్యి దూర్చి, మోచేతి దగ్గర ఇరుక్కున్నాక "బావుంది, ఇదొక చివర" అనేవారు. తర్వాత కొట్లో ఉన్నవాటిల్లోకెల్లా పెద్దది. అందులో ఆయనా, కొట్టతనూ కలిసి పట్టేవారు. ఆపైన నడిమి సైజు ఒకటి. తీరా కొట్టతను "సార్, ఇది సరిగ్గా మీకోసం కుట్టినట్టుంది, ఒక్కసారి వేసుకుని చూడండి" అని ఇంకోటి చూపిస్తే, "అక్కర్లేదయ్యా, అది లెక్కలో వచ్చేసింది, కట్టేయ్" అనేవారు. ఇంటికెళ్లి తొడుక్కుంటే ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా సరిపోయేది. చూసేవాళ్లకి ఒళ్లు మండేది అందుకే.

క్షవరం సంగతి మాత్రం గీతకు అందలేదు. ఎడమవైపు నున్నగా గీయించుకుని, కుడివైపు కత్తెర పడనివ్వకుండా, నడినెత్తిన కాస్త కత్తిరించుకుని లేచారు. "ఏ పొడుగు నాకు బావుంటుందో ఇక తేల్చేస్తాను, వచ్చే నెల వస్తా" అని మంగలికి చెప్పి, ఆ తలతోనే నెల్లాళ్లూ ఆఫీసుకొచ్చారు. ఆ నెలలో ఆయన ఎడమవైపు కూర్చునేవాళ్లకీ, కుడివైపు కూర్చునేవాళ్లకీ ఆయన వయసు మీద పెద్ద గొడవే జరిగింది.

ఇంట్లో భార్య పంటి డాక్టరు. ఒకరోజు పాపం మామూలుగా అడిగింది, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని.

"అలా ఎలా తెలుస్తుంది? అసలు ఉప్పే లేకుండా ఒక గిన్నెడు, గుప్పెడు ఉప్పేసి ఒక గిన్నెడు వండు, చెప్తాను."

"చూడండీ, నా ఓపిక్కి కూడా రెండు చివర్లున్నాయి. ఒకటి మీరు పెళ్లైన వారంలోనే చూశారు. రెండోది చూపించమంటారా?"

"వద్దులే. సరిపోయింది" అన్నారు మాస్టారు. ఆ గీతకు ఒక చుక్క తక్కువైనా ఆయన పట్టుపట్టలేదు.

సెలవు కావాలంటే మేనేజరు దగ్గరికెళ్లి ముందు పావుగంట సెలవడిగేవారు. సరేననేవాడు. వెంటనే మూడేళ్ల సెలవడిగేవారు. కుదరదనేవాడు. పోనీ పదిరోజులంటే మూతి ముడిచేవాడు. మర్నాటి నుంచి మాస్టారు నాలుగురోజులు కనిపించేవారు కాదు.

"నేను ఒప్పుకోలేదు కదండీ" అని మేనేజరు లబోదిబోమంటే, "మీరు ఒప్పుకునేవారేనని తేలింది సార్. మళ్లీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని" అనేవారు.

మీటింగుల్లో ఆయన ప్రశ్నలు వేరే పురాణం. ఓసారి లెక్కలు రాసే గుమాస్తా భయంభయంగా "సిమ్యులేషన్ అంటే ఏంటండీ?" అని అడిగి, అందరూ కిసుక్కున నవ్వేసరికి తల దించుకున్నాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే మాస్టారు లేచి, "నాకూ ఒక సందేహం. కంప్యూటర్లో తిరిగే ఫ్యానుకి కరెంటు బిల్లు వేరేగా వస్తుందా?" అన్నారు. హాలంతా పగలబడి నవ్వింది. గుమాస్తా కూడా నవ్వాడు. ఈ పెద్దమనిషికి బుర్ర కాస్త వదులని ఆ రోజు చాలామంది ఖాయం చేసుకున్నారు.

వాళ్లలో మెష్షక్క కూడా ఉంది. పిల్లలు బడికెళ్లే వయసొచ్చేదాకా ఇంట్లో ఉండి, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరిన మనిషి. ఫ్యాను రెక్కను కంప్యూటర్లో చిన్న చిన్న గళ్లుగా కోయడం ఆమె పని. ఆ గళ్లని మెష్ అంటారు, అందుకని మెష్షక్క. మాస్టారి పక్క కుర్చీ ఆమెది. మేనేజరు ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం చేయలేదు. "ఇన్నేళ్లు ఖాళీగా ఉన్నారు కదమ్మా, చూద్దాం" అనేవాడు. ఇద్దరు పిల్లల్ని పెంచడం ఆయన దృష్టిలో ఖాళీగా ఉండటం.

చూద్దాం చూద్దాం అంటూ ఆఖరికి ఆమెకో పని అప్పజెప్పాడు. రెక్క మందం, వంపు ఏ కాస్త మార్చినా గాలి ఎలా వీస్తుందో, ఫ్యాను బరువెంత అవుతుందో లెక్క కట్టడానికి కంప్యూటర్ ఒక రోజంతా తీసుకునేది. అన్ని మందాలూ, అన్ని వంపులూ లెక్క కట్టించుకుంటూ కూర్చుంటే ఫ్యాను బయటికొచ్చేసరికి వేసవులు అయిపోతాయి. అందుకని కొన్నింటికి మాత్రం పూర్తిగా లెక్క కట్టించి, ఆ జవాబుల మీదుగా సాఫ్ట్‌వేర్ చేత ఒక వంపు గీత గీయిస్తారు. దాన్ని అంచనా నమూనా అంటారు. ఆ తర్వాత నమూనానడిగితే కన్ను మూసి తెరిచేలోగా జవాబు చెప్తుంది. మాస్టారి బతుకంతా ఇదే కాబట్టి ఆయనకు ఇది ఉద్యోగంలా ఉండేది కాదు. మెష్షక్క ఆ నమూనాని తయారుచేసి, ఫ్యాన్లు కొనడానికొచ్చే పెద్ద మేడమ్ ముందు చూపించాలి. మేడమ్‌కి నచ్చితే మెష్షక్క ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. మేనేజరు ఈ మాట నవ్వుతూనే చెప్పాడు గానీ మెష్షక్కకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

నమూనా తయారీలో మాస్టారు ఆమె చెవిలో జోరీగలా ఒకటే పాట. "అమ్మాయ్, నువ్వు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా చూపించావో అక్కడిదాకానే దానికి తెలుసు. ఆ హద్దు దాటి అడిగావా, ఏదో ఒకటి చెప్పేస్తుంది. తెలీదనడం దానికి రాదు."

"తెలుసండీ మాస్టారూ, నిన్న కూడా చెప్పారు."

తెలుసు. కానీ హద్దు దాటినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ తెర మీదికొక హెచ్చరిక తెచ్చి పెడుతుంటే విసుగెత్తి, ఇది మళ్లీ చూపించొద్దు అన్నచోట ఒక్క నొక్కు నొక్కింది. అదీ ఆమె చేసిన నేరం. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మీరైతే నొక్కరా?

పెద్ద మేడమ్ వచ్చారు. తాతల నాటి నుంచి ఫ్యాన్ల వ్యాపారమట, మాటకు ముందు కళ్లజోడు సర్దుకుంటారు. మెష్షక్క గడగడా నమూనా వివరించింది. మేడమ్ అంతా విని, "ఇంకా పల్చటి రెక్క వేస్తేనో?" అన్నారు. మెష్షక్క కంగారులో హద్దు చూసుకోకుండా మరీ పల్చటి మందం టైపు చేసేసింది. హెచ్చరిక రాలేదు. తెర మీద జవాబు వచ్చింది. గాలి బ్రహ్మాండం. ఫ్యాను బరువు మైనస్ రెండు కిలోలు.



"మైనస్ అంటే?" అన్నారు మేడమ్.

"అంటే..." మేనేజరు అందుకుని, "అంటే చాలా తేలిక మేడమ్. తగిలించక్కర్లేదు. అదే పైకెళ్లి అంటుకుంటుంది" అన్నాడు.

"కరెంటు పోతే కిందికెలా దించాలి?"

మేనేజరు మెష్షక్క వైపు చూశాడు. ఆ చూపులో ఇంటికి దారి స్పష్టంగా కనిపించింది. మెష్షక్కకు పిల్లల ముఖాలు గుర్తొచ్చాయి, ఇల్లు చూసుకోక నీకెందుకమ్మా అన్న అత్తగారి గొంతు వినిపించింది. చేసిన తప్పేంటో అప్పటికే తెలిసింది.

"కాస్త జరుగమ్మాయ్. నాది చూపించకపోతే ఇది సగమే అవుతుంది" అంటూ సుమారు మాస్టారు వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నారు. అదే రెక్కకు తాను విడిగా చేసుకున్న నమూనా తెరిచారు. రెక్క మందం దగ్గర పరుపు మందం కొట్టారు. ఫ్యాను బరువు రెండు లారీలంత వచ్చింది. గాలి కిందికి రావడం మానేసి పక్కింటికి పోతోంది.

మేడమ్ కళ్లజోడు తీసేశారు. "ఇది ఇంకా ఘోరంగా ఉందే?"

"ఘోరమే మేడమ్. ఆ చివర అమ్మాయి, ఈ చివర నేను. హద్దు దాటితే ఏమవుతుందో మీకు ముందే చూపించాలి కదా, రేపు మీవాళ్లెవరైనా దాటినా మోసపోకుండా. ఇప్పుడు హద్దుల్లోపల మీ ఇష్టమొచ్చిన మందం చెప్పండి. అమ్మాయ్, నువ్వు కొట్టు."

మేడమ్ చెప్పారు, మెష్షక్క కొట్టింది. నమూనాకు చూపించకుండా పక్కనపెట్టిన పూర్తి లెక్కల్లో ఆ మందమూ ఉంది. పక్కపక్కన పెడితే రెండు జవాబులూ దాదాపు ఒకటే. మేడమ్ ఇంకోటి చెప్పారు, మరొకటి చెప్పారు, ముచ్చటపడి వరసపెట్టి అడుగుతూనే ఉన్నారు.

టీ తాగడానికి లేచినప్పుడు మెష్షక్క మాస్టారిని వరండాలో ఓ మూల పట్టుకుంది. "హద్దు దాటకూడదని పొద్దున లిఫ్టులో కూడా పాఠం చెప్పారు. మీరెలా దాటారు?"

"వయసు మీద పడుతోందమ్మా."

"మాస్టారూ."

ఆయన టీ ఊదుకున్నారు. "ఒక్కరు చేస్తే తప్పు. ఇద్దరం చేస్తే పద్ధతి. నువ్వు పద్ధతిగానే చేశావు, టీ తాగు."

మెష్షక్కకు అప్పుడు కరెంటు బిల్లు గుర్తొచ్చింది. తల దించుకున్న గుమాస్తా గుర్తొచ్చాడు. ఈయన వెర్రి ప్రశ్నలు వేసిన ప్రతిసారీ అంతకు ముందు ఎవరో ఒకరు నవ్వులపాలై ఉన్నారని ఆమెకు ఒక్కొక్కటిగా తట్టింది. ఈ మనిషినా బుర్ర వదులనుకుంది తను. సిగ్గేసింది, ఆయన మీద ప్రాణం పోయేంత ఇష్టం కలిగింది. చెప్తే పాఠం మొదలుపెడతారని ఊరుకుంది.

టీలయ్యాక మేడమ్ హుషారుగా మేనేజరు వైపు తిరిగారు. "ఇదంతా వాళ్లు చూపించారు. మీరు పెద్దవారు కదా, అసలు ఈ అంచనా నమూనా అంటే ఏంటో మీ మాటల్లో చెప్పండి, వింటాను."

మేనేజరు నవ్వాడు. టై సవరించుకున్నాడు. నీళ్లు తాగాడు. ఇన్నేళ్లుగా ఆయన దాని గురించి తల ఊపడమే గానీ అదేంటో ఎవర్నీ అడిగి ఎరగడు. మేనేజరు అడక్కూడదు కదా. మళ్లీ నీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయింది.  ఎదురుగా ఇంజనీర్లంతా వరసగా ఆయన్నే చూస్తున్నారు, ఒకరిద్దరికి పెదవి చివర నవ్వు కూడా మొలిచింది.

మెష్షక్కకు ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. ఈ పూట నోరు మూసుకుంటే చాలు. లేచి నుంచుంది.

"మేడమ్, దానికి ముందు నాదొక సందేహం. అసలు ఫ్యాను అంటే ఏంటండీ?"

గది ఘొల్లుమంది. పెద్ద మేడమ్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "ఇన్నాళ్లకి నన్నడగాల్సిన ప్రశ్న అడిగారు" అని బోర్డు దగ్గరికి నడిచారు. తాతగారి మొదటి ఫ్యాను బొమ్మ వేశారు. రెక్కలు ఎటు తిరగాలో, నాన్నగారు ఒకసారి ఎటు తిప్పారో, దానికి తాతగారు ఏమన్నారో అన్నీ చెప్పారు. సుమారు మాస్టారు కుర్చీ ముందుకు లాక్కుని, జన్మలో ఫ్యాను చూడనివాడిలా "అయితే గాలి కిందికే వస్తుందంటారా?" అని అడుగుతూ పోయారు. మేడమ్ వెళ్లేటప్పటికి ఫ్యాన్ల బేరం ఖరారైంది, మేనేజరునడిగిన ప్రశ్న ఎవరికీ గుర్తు లేదు.

సాయంత్రం మేనేజరు మెష్షక్కను గదిలోకి పిలిచాడు.

"మీ ఉద్యోగం ఖాయం చేశానమ్మా" అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పి లేవబోతుంటే, టేబుల్ మీది పెన్ను ఇటు పెట్టి, అటు పెట్టి, "ఒక్క నిమిషం. మీకు ఫ్యాను తెలీదని అందరి ముందూ అడిగేశారు. నాకు అంత ధైర్యం లేదు. ఆ నమూనా ఏంటో, ఎవరూ లేరు కదా, కాస్త మొదటినుంచీ చెప్తారా?" అన్నాడు.

మెష్షక్క తలుపు దగ్గరికేసి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.