గోడవారగా, సిలువ లేకుండా

ఈస్టర్ తెల్లవారుజామున మావాళ్లందరూ సమాధుల తోటకి వెళ్తారు. అంతకుముందే సమాధులకు సున్నం వేసి, సిలువలకు కొత్త రంగు పూసి ఉంచుతారు. పోయిన వానాకాలం బైకు ప్రమాదంలో చనిపోయిన మా తమ్ముడు సుధీర్ సమాధికి సిలువే లేదు. వాడు బాప్తిస్మం తీసుకోలేదు. సిగరెట్టు మానేశాకే నీళ్లలో దిగుతానని ఏటేటా వాయిదా వేశాడు. బాప్తిస్మం లేనివాళ్లను గోడవారగా, సిలువ లేకుండా పెట్టడం మా సంఘం ఆనవాయితీ. ఈస్టర్‌లోపు వాడి తలదగ్గర సిలువ నిలబెట్టాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. ఆ ఆనవాయితీ బైబిలు వాక్యంలో ఎక్కడా లేదని నాకూ ధీమా. ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందురోజు, శనివారం, అమ్మా నేనూ బయలుదేరాం.

పీర్జాదిగూడలో ఎనిమిదింటికి బస్సెక్కితే ఉప్పల్ రింగ్ రోడ్డుకి అరగంట పట్టింది. అక్కడ సందులోని వెల్డింగ్ షాపులో సుధీర్ పేరు చెక్కించి చేయించిన ఇనుప సిలువ తీసుకుని దుప్పటిలో చుట్టాం. దానితో మెట్రో ఎక్కనిస్తారో లేదోనని ఆటో మాట్లాడుకున్నాం. హబ్సిగూడలో కుడికి తిరిగి నాచారం దాకా నూటయాభై.

“ఏందమ్మా గది, కర్టెన్ రాడా? జర లోపలికి గుంజుకోండ్రి, బస్సోళ్లకు తగుల్తది” అన్నాడు డ్రైవర్.

“మా పోరగాని సిలువ బిడ్డా” అంది అమ్మ.

అతను మోగుతున్న పాట ఆపేశాడు. గుంతలొచ్చిన చోటల్లా మెల్లగా పోనిచ్చాడు.

సమాధుల తోట ఫ్యాక్టరీల వెనక ఉంటుంది. గాలిలో ఎప్పుడూ ఏదో మందు వాసన. గేటు దగ్గర కుర్చీలో సంఘపెద్ద జకరయ్య మామ ఉన్నాడు. దుప్పటి విప్పకముందే ఆయనకి అర్థమైంది.

“గోడ పొంటి సిలువ పెట్టరని ఎర్కలేదా చెల్లె?”

“నా కొడుకు దేవుణ్ణి నమ్మలేదా అన్నా? చర్చిల కుర్చీలు మోసింది వాడు గాదా?”

“నమ్మిండు. నేను కాదన్ననా? నీళ్లల్ల దిగలే.”

నేను సిద్ధమయ్యే వచ్చాను. “మామా, ప్రభువు పక్క సిలువ మీదున్న దొంగ ఎప్పుడు తీసుకున్నడు బాప్తిస్మం? వానికి ప్రభువు పరదైసు ఇయ్యలేదా?”

“నమ్మి బాప్తిస్మం తీసుకోవాలని గూడ వాక్యంలనే ఉంది బిడ్డా. చదువుకున్నోళ్లు, మీకు పనికొచ్చే వచనం ఏరుకుంటరు.”

“మరి సిలువ లేకుండ గోడకు పెట్టుమని ఏ వచనంల ఉంది? సూపియ్యి.”

గెలిచాననుకున్నాను. ఆయన లేచి గోడ వెంబడి నడిచి, సుధీర్ సమాధి పక్కన గడ్డి పట్టిన చిన్న మట్టిదిబ్బ దగ్గర ఆగాడు.

“గిది మా బిడ్డ కృప. బాప్తిస్మానికి ఇంకా ఈడు రాలేదని ఆగినం. జరమొచ్చి పోయింది. సిలువ పెట్టనియ్యమని దాని తల్లి నా కాళ్లు వట్టుకుంది. సంఘపెద్దను, నేనే కట్టుబాటు తప్పుతనా అన్న. ఇయ్యాల నీ మాట నిజమైతే, దాని తల్లికి నేనేం జెప్పాలె?”

“వదిన రాదా అన్నా ఇక్కడికి?” అంది అమ్మ.

“గప్పట్నుంచి ఈ గేట్ల అడుగువెట్టలే.”

అమ్మ సిలువను మళ్లీ దుప్పటిలో చుట్టింది. సుధీర్ దగ్గరొకటి, కృప దగ్గరొకటి కొవ్వొత్తి వెలిగించింది. గాలికి రెండూ నిలవలేదు.

వాక్యం నావైపే ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయినా ఆ మాట ఆయనతో రెండోసారి అనలేకపోయాను. అది జాలో, పిరికితనమో తెలియదు. తండ్రి మీద జాలిపడి నోరు మూసుకుంటే, గేటు దాకా రాలేని ఆ తల్లికి నేనేం చేసినట్టు? రేపు ఇంకెవరి బిడ్డనో అదే గోడవారన పెడతారు. అందులో నా మౌనమూ ఉంటుంది. సిలువ మా బాల్కనీలో, బట్టలారేసే తీగ కింద ఉంది. ఈస్టర్ నాడు అమ్మ దాని ముందే కూర్చుంది, సమాధుల తోటకి రాలేదు.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద వెళ్తుంటే, సిలువ చేయించకముందే సంఘపెద్దతో మాట్లాడండి. పేరు చెక్కాక దాన్ని ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు.