అడుగు తీసిన కుండలు

మా కుమ్మరత్త మొన్న శుక్రవారం పొద్దున్నే పోయిందండీ. కోడూరులో మా వీధి చివర కుండలు చేసే పెద్దావిడ. నాకు చుట్టమేమీ కాదు. అయినా నన్ను "అల్లుడూ" అనేది, నేను "అత్తా" అనేవాణ్ణి. నాలుగో తరగతితో బడి మానేసిన రైతుని, తప్పులుంటే మన్నించండి. ఆవిడ గురించి మాత్రం రాయకుండా ఉండలేను.

నా కూతురు ఇవాళ బందరులో పంతులమ్మ! గదినిండా పిల్లలకి గొంతెత్తి పాఠం చెబుతుంది. పోయిన నెల వెళ్లి కిటికీ పక్కన నిలబడి విన్నాను. ఒక్కసారి కూడా దగ్గలేదండీ! సంతోషం పట్టలేక అక్కడే ఏడ్చేశాను. అది కుమ్మరత్త నిలబెట్టిన గొంతు.

ఆరేళ్లప్పుడు ఆ పిల్లకి ఉబ్బసం. వానలు పడితే చాలు, పిల్లికూతలు. మాది తాటాకిల్లు, వంటా పడకా ఒక్కచోటే. చెమ్మ పిడకలు, తాటిమట్టలు, ఏది అంటించినా ఇల్లంతా పొగే. దోమలు పోతాయనీ, కప్పుకి పురుగు పట్టదనీ మేం సంబరపడేవాళ్లం. అది చాలదన్నట్టు, పిల్ల ఛాతీలో చెమ్మ ఆరాలని మంచం కింద కుంపటి పెట్టి, పిడకల మీద వావిలాకు వేసి, తలుపు మూసేవాణ్ణి. చేతులారా చేశానండీ ఆ పని.

ఓ సాయంత్రం చట్టి ఇద్దామని వచ్చిన అత్త తలుపు తోసింది. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఏం అల్లుడూ, కూతుర్ని ఎండుచేప చేస్తున్నావా?" అంటూ కుంపటిని వాకిట్లోకి తన్నింది. పిల్లని అరుగు మీద కూర్చోబెట్టింది. చలిగాలికి ఏమైపోతుందోనని నేను భయపడ్డాను. కాసేపటికి పిల్ల "అన్నం" అంది.

మర్నాడే అత్త అడుగు తీసిన కుండలు గంపలో తెచ్చింది. పొయ్యి వెనక గోడకి కన్నం పెట్టి, బయట పొగగొట్టంలా కుండ మీద కుండ నిలబెట్టి, సందుల్లో ఊక కలిపిన మట్టి మెత్తింది.

"పొగ లేకపోతే తాటాకు పురుగు తినేస్తుంది. నీకేం, నీది పెంకుటిల్లు!" అని మా అమ్మ అడ్డం పడింది.

"కప్పు మళ్లీ నేయించుకోవచ్చు వదినా. మనవరాలి ఛాతీ ఎవడు నేస్తాడు?"

తీరా పొయ్యి అంటిస్తే పొగంతా వెనక్కి తిరిగి మా మొహాన కొట్టింది. మా అమ్మ పకపకా నవ్వింది. "సముద్రం గాలి కూడా మీ అమ్మ మాటే వింటోందల్లుడూ," అని అత్త ఇంకో రెండు కుండలు ఎత్తు చేసి, పైకుండ మూతిని గాలికి పెడగా తిప్పింది. అంతే, పొగ దారిన పడింది.

మా అమ్మ మాటా అబద్ధం కాలేదు. కప్పుకి పురుగు పట్టింది. గడువుకి ముందుగానే మళ్లీ నేయించాను. అంత సంతోషంగా ఏ ఖర్చూ పెట్టలేదు నేను!

అత్తకో అలవాటు. ఏ కుండ ఇచ్చినా వేలితో కొట్టి, చెవి పెట్టి విని ఇచ్చేది. మా పిల్ల వీపునీ అలాగే కొట్టి వినేది. "ఇంకా బొంగురే" అనేది. రెండు వానాకాలాలు గడిచాక ఓనాడు విని, "బాగా కాలిన కుండ. బడికి పంపు," అంది.

కుండలు కాల్చే తన ఆవం పొగ మాత్రం ఆవిడ మింగుతూనే ఉంది. ఆఖర్న దగ్గుతూ కూడా నవ్వేది. "నాది ఆరుబయటి పొగ అల్లుడూ. కన్నం పెట్టడానికి దానికి గోడేదీ?"

కబురు తెలిసి నా కూతురు బందరు నుంచి వచ్చింది. మా ఇంట్లో అన్నం ఉడుకుతోంది. తను నేరుగా ఇంటి వెనక్కి వెళ్లి, అత్త నిలబెట్టిన, వెచ్చగా ఉన్న కుండని వేలితో కొట్టి, చెవి ఆనించి, అలాగే నిలబడిపోయింది. తన తలపైన పొగ సన్నగా పైకి పోతూ ఉంది.