బదులుకొచ్చిన పంతులమ్మ

వంటింట్లో మా మనవరాలు ఉడకబెట్టడానికి పల్లికాయలు నానబోసింది. తడిసిన పొట్టు వాసన వసారాలో కూర్చున్న నా దాకా వచ్చింది. ఆ వాసన తగిలితే ఈ వయసులోనూ నాకు నవ్వొస్తుంది. మా రూతమ్మ పంతులమ్మ ఒకప్పుడు ఒక బస్తా పల్లికాయను ఇలాగే తడిపి మా నోటికాడి కూడు పోగొట్టింది. నాకు చదువు దక్కింది కూడా ఆ తడిసిన బస్తా వల్లనే.

వెయ్యిన్ని తొమ్మిది వందల నలభైల చివరి మాట. మిర్యాలగూడలో మాది ఒక గుడిసె. నాన్న బండి తోలేవాడు; ఆ ఏడు చలిజ్వరం పట్టి మంచం దిగలేదు. నాలుగో తరగతికి పోవలసిన నన్ను అమ్మ తనతో సావుకారు కొట్టానికి తీసుకుపోయింది. అక్కడ విత్తనాల పల్లికాయ వలవాలి, తొలకరి పడేలోగా పని ముగియాలి. పొద్దుగూకేసరికి అమ్మకు తవ్వెడు జొన్నలు, నాకు సోలెడు. ఆ సోలెడు లేకపోతే నా వెనుక పుట్టిన ఇద్దరికీ జొన్న గటక కూడా లేదు. అమ్మ నన్ను తిట్టలేదు, బతిమాలలేదు. నా పలకను చూరులో దోపి, "ఇగ నడువు" అన్నది, అంతే.

రూతమ్మ పంతులమ్మది కోదాడ. సన్నగా, కళ్లద్దాలతో, గాలి వీస్తే పడిపోయేటట్టు ఉండేది. బడి తెరిచిన వారానికి హాజరు పట్టీ చంకలో పెట్టుకుని సరాసరి కొట్టానికే వచ్చింది.

"సత్తెమ్మ బడికి ఎందుకు రావటం లేదు, రాములమ్మా?" అని మా అమ్మను అడిగింది.

"వస్తదమ్మా. దాని సోలెడు ఎవలు తెస్తరో సెప్పుండ్రి, ఇప్పుడే తోల్త" అన్నది అమ్మ, చెయ్యి ఆపకుండా.

జవాబు లేనప్పుడు నీతులు చెప్పేవాళ్లను తర్వాత చాలామందిని చూశాను. పంతులమ్మ మాత్రం కుచ్చెళ్లు సర్దుకుని నా పక్కన చతికిలబడి ఒక కాయ అందుకుంది. ఎంత చదివినా వలవడం రావద్దూ! ఆవిడ చేతిలో గింజలన్నీ బద్దలే. బద్ద మొలవదు, విత్తనానికి పనికిరాదు. పక్కన వలిచే అమ్మలక్కలు కొంగులు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

అయినా రోజూ వచ్చింది. నాలుగో నాడు నా బొటనవేలు చూసింది. గోరు లేచి నెత్తురు చిమ్ముతోంది. ఆ సాయంత్రం మేమంతా జొన్నల కోసం వరస కట్టినప్పుడు, పొట్టు మెత్తబడితే పిల్ల వేళ్లు బాగుపడతాయని, మర్నాటి బస్తా మీద రెండు బిందెల నీళ్లు గుమ్మరించి పోయింది. వ్యవసాయం ఎరిగిన వాళ్లెవరూ ఆ పని చెయ్యరు. తెల్లారేసరికి గింజలు ఉబ్బి, పొర ఊడిపోతున్నాయి. విత్తనం ఖతం.

సావుకారు నా వైపే చూశాడు. "గీ పొల్ల పనే అయితది!"

"నేనే పోశాను" అన్నది పంతులమ్మ.

పంతులమ్మను తిట్టలేడు గనుక కోపం నా మీద తీర్చుకున్నాడు. "పైసలు గట్టి బస్తా మీరే కొంటబోండ్రి. తల్లి ఉంటే ఉండనీ, పొల్ల రేపటికెళ్లి గీడ కనవడొద్దు."

ఆ రోజు అమ్మ మొదటిసారి నోరు చేసుకుంది. "సదువు సెప్తనని వచ్చి మా కడుపుల మన్ను వోస్తిరి గదమ్మా!" పంతులమ్మ పాఠం అప్పజెప్పలేని పిల్లలా తల వంచుకుని నిలబడింది. ఆవిడను అలా చూసి నాకు అమ్మ మీదే కోపం వచ్చింది.

మర్నాడు ఉదయం నేనూ దిగులుగా అమ్మ వెంట కొట్టం గుమ్మం దాకా పోయాను. నా చోట పంతులమ్మ అప్పటికే కూర్చుని వలుస్తోంది.

"మీ పిల్ల బదులు నేనొచ్చాను, రాములమ్మా. కలుపులప్పుడు ఒకరి చేనికి ఒకరు బదులు పోరూ? ఇదీ అంతే. బడికి ముందూ, బడయ్యాకా వలుస్తాను. సోలెడు మీది."

"బదులంటే మల్ల తీర్వాలె గద. మీకు మేమేం పని జేస్తం?"

"సత్తెమ్మ బళ్లో కూర్చుంటే తీరిపోతుంది."

మా వాళ్లలో బదులు కాదనడం మర్యాద కాదు, తీర్చకపోవడం అంతకన్నా కాదు. అమ్మ ఇంటికి పోయి చూరులోంచి పలక తీసి నా చేతిలో పెట్టింది. "ఒక్కరోజు నాగా వెట్టినవా, సూడు మల్ల" అన్నది.

తొలకరి దాకా ఆవిడ వలిచింది. మొన్న నవ్వినవాళ్లే తలా గుప్పెడు గింజలు ఆవిడ చాటలో వేసేవాళ్లు; కొలత నిండుతోంది గనుక సావుకారూ కాదనలేదు. తడిసిన బస్తాను ఉప్పేసి ఉడికిస్తే బడి పిల్లలందరం మూడు రోజులు తిన్నాం. ఆ మూడు రోజులూ మా బడి నిండిపోయింది! వానలు పడేసరికి నాన్న లేచి మళ్లీ బండి కట్టాడు. ఏడో తరగతి పాసైన కాగితం ఆవిడే నాకు అందించింది. వలిచి వలిచి లేచిపోయిన ఆవిడ బొటనవేలి గోరు అప్పటికీ వంకరగానే ఉంది.

నేనూ పంతులమ్మనే అయ్యాను. హాలియాలో, మాడుగులపల్లిలో పనిచేశాను. పిల్ల బడికి రాకపోతే వెతుక్కుంటూ పోయి, చీర దోపుకుని మిరప చేలో దిగేదాన్ని. కాయలు కోయబోయి తొడిమలు ఊడదీసి తిట్లు కూడా తిన్నాను. ఒకసారి ఒక తల్లి, "మీకెందుకు టీచరమ్మా గీ పని?" అని అడిగింది.

"నా చిన్నప్పుడు ఒకావిడ నా బదులు కూర్చుందమ్మా" అన్నాను. "ఇవ్వాళ మీ పిల్లను బడికి పంపించు. నేనున్నా."