మేడ్చల్ దాటినంక చెప్త

పోయిన నెల ఒక ఉదయం గురుగ్రామ్‌లో ఆఫీసు మీటింగులో కూర్చుని ఉండగా మా చిన్నత్త ఫోన్ వచ్చింది. ఆమె ఎప్పుడూ ఆ వేళకు చేయదు. బయటికి వచ్చి ఎత్తాను.

"అక్క పోయింది బిడ్డా," అంది. "బట్టలు ఆరేస్తుండె. దండెం పట్టుకొని గట్లనే కిందికి జారింది. దవాఖానకు పోయేలోపే అయిపోయింది."

నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. కాసేపటికి చూసుకుంటే ఆ అంతస్తు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ ఉన్నాను. ఎక్కడా కూర్చోలేకపోయాను. విమానాశ్రయంలోనూ అంతే. ఈ గుణం నాకు మా మేనత్త నుంచే వచ్చిందని మా అమ్మ ఎప్పుడూ అంటుండేది.

పోయింది ఆ మేనత్తే, మా నాన్నకు అక్క. బోరబండ రైల్వే స్టేషన్‌కు పోయే సందులో ఆమెకు జాకెట్లు కుట్టే దుకాణం ఉండేది. దుకాణం వెనకే ఇల్లు. మామయ్య చాలా ఏళ్ల కిందటే పోయాడు. పిల్లలు లేరు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో కొండాపూర్‌లో హాస్టల్‌లో జ్వరంతో పడుంటే, చెప్పకుండా ఆటోలో దిగి, నా పెట్టె తనే మోసుకుంటూ నన్ను ఇంటికి తీసుకుపోయింది. పెళ్లయ్యేదాకా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. నేను ఆమెను అత్తమ్మా అనేదాన్ని.

అత్తమ్మ మిషన్ ముందు తప్ప ఎక్కడా నిమ్మళంగా కూర్చున్నది నేను చూడలేదు. చాయ్ నిలబడే తాగేది. ఎవరింటికి పోయినా చెప్పులు బయటికి తిప్పి విడిచేది, లేచీలేవగానే కాళ్లు దూర్చడానికి వీలుగా. బస్సులో మన స్టాపు ఇంకా ఎంతో దూరం ఉండగానే లేచి తలుపు దగ్గరికి చేరేది. "కూసుంటే మోకాళ్లకు అలవాటైతది, మళ్ల లెవ్వమంటే లెవ్వయి," అనేది. నవ్వొచ్చేది నాకు. ఇప్పుడు మీకు చెబుతుంటే కూడా ఆ గొంతే వినబడుతోంది.

రెండేళ్ల కిందట మా టీమ్ మొత్తాన్ని గురుగ్రామ్ ఆఫీసుకు మార్చారు. వస్తారా, మానేస్తారా అన్నారు. మా ఆయనకు అక్కడ పని దొరికేలా ఉంది కాబట్టి వెళ్దామనుకున్నాం. ఆయన ఇల్లు చూడటానికి ముందుగా వెళ్లాడు. నేను ఊళ్లోనే ఉండి సామాను సర్దాలి. సర్దబుద్ధి కాలేదు. ఒక అట్టపెట్టె నింపి, మళ్లీ విప్పి, ఇంకోటి మొదలుపెట్టేదాన్ని. అట్లాంటి రోజుల్లోనే కారు కొనాలని పట్టుబట్టాను.

"అక్కడికెళ్లి కొనుక్కుందాం. ఇక్కడి నంబరుతో అక్కడ తిప్పలు పడాలి," అన్నాడు మా ఆయన ఫోన్లో. ఆయన చెప్పింది నిజమే. కానీ పుట్టి పెరిగిన చోటు నుంచి విమానమెక్కి ఒక్క పూటలో ఊడిపడటం నాకు ఇష్టం లేకపోయింది. దారి పొడవునా చూసుకుంటూ పోవాలనిపించింది. డ్రైవింగ్ ఎప్పుడో నేర్చుకున్నాను, సొంత బండి మాత్రం లేదు.

పాత కార్లు అమ్మే చోటు మా ఇంటికి దగ్గరే. అత్తమ్మను తీసుకెళ్లాను. బూడిదరంగు కారు ఒకటి నాకు నచ్చింది. అత్తమ్మ నేరుగా వెనక తలుపు తీసి లోపలికెక్కి, కాళ్లు చాపి చూసి, అమ్మే అబ్బాయిని పిలిచింది.

"దీంట్ల లోపల్నుంచి తలుపు తియ్యొస్తదా బాబు?"

అతనిది రాజమండ్రి వైపు. "చైల్డ్ లాక్ పెట్టకపోతే వచ్చేస్తుందండి. ఎందుకండి అలా అడిగారు?"

"నాకు దిగబుద్ధయితే దిగాలె గద. ఈ పిల్ల ఆపేదాంక కూసోవాల్నా?"

అతను నవ్వి తలుపు తీసి, వేసి చూపించాడు. అత్తమ్మ తనూ ఒకసారి తీసి, వేసి, "తీస్కో," అంది నాతో. కారు గురించి ఆమె అడిగింది అంతే.

ఆ సాయంత్రమే అసలు మాట చెప్పింది. "గంత దూరం పోతున్నవ్. పోయేముందు నన్ను మనోళ్ల ఇండ్లకు తిప్పు. నువ్వు అందరికి కనిపించినట్టు ఉంటది."

నాకు సంతోషమే అయింది, సర్దడం తప్పుతుందని. సెలవు దొరికినప్పుడల్లా బయల్దేరేవాళ్లం. మూసాపేటలో నాన్న వైపు అన్నయ్య ఇల్లు, సంగారెడ్డిలో పెద్దమ్మ ఇల్లు, పటాన్‌చెరులో ఎవరో దూరపు వరుస వాళ్ల ఇల్లు. ప్రతి చోటా ఒకటే తంతు. "మా పిల్ల ఢిల్లీ దిక్కు పోతున్నది," అని గడపలోనే చెప్పేది. వాళ్లు కుర్చీ వేసేలోపే ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చేది. చాయ్ గ్లాసు సగంలో ఉండగానే, "ఇగ పోదాం పా," అనేది. వాళ్లు అన్నం తినమంటే మళ్లొస్తం అనేది. ఏదో ఒకటి ఆమెను తరుముతున్నట్టుండేది. నేను దూరం పోతున్నానన్న దిగులే అనుకున్నాను.

మేం బయల్దేరాల్సిన వారానికి ముందు ఆదివారం, పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని సందు మొదట్లో నిలబడి ఉంది. "ఇంకొక ఇల్లున్నది," అంది.

"ఎవరిది అత్తమ్మా?"

"మేడ్చల్ దాటినంక చెప్త, పోనియ్యి."

మేడ్చల్ దాటింది. చెప్పలేదు. తూప్రాన్ వచ్చింది. వెనక సీటులో ఈ కిటికీ దగ్గర్నుంచి ఆ కిటికీకి జరుగుతోంది, కొంగు ముడి వేసి విప్పుతోంది. అప్పుడు నాకు తట్టింది. ఆ దారిలో కామారెడ్డి పక్క పల్లెలో మా చిన్నత్త ఉంటుంది, అత్తమ్మకు సొంత చెల్లెలు. వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఎందుకో మీకు చెప్పాలి. మా నానమ్మ చివరి రోజుల్లో దవాఖాన నుంచి బోరబండ ఇంటికే వచ్చింది. అత్తమ్మే చూసుకునేది. ఒక మధ్యాహ్నం ఆమె లైనింగ్ బట్ట కొనడానికి బజారుకు పోయి వచ్చేసరికి నానమ్మ మంచం మీద లేదు. చిన్నత్త వచ్చి తన ఊరికి తీసుకుపోయింది. అత్తమ్మ కోపంతో వెంటనే వెళ్లలేదు. వెళ్దామనుకునేలోపే నానమ్మ పోయిందని కబురొచ్చింది. కడసారి చూపు దక్కలేదు. ఆ రోజు నుంచి చెల్లెలి పేరు ఎవరైనా ఎత్తితే లేచి అవతలికి పోయేది.

"నిజంగ పోదామా?" అని అడిగాను.

"నువ్వు పోతున్నవ్ గద. నీకోసం పోతున్న," అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

తీరా ఇంటి ముందు కారు ఆపితే దిగలేదు. "నువ్వు పోయి చెప్పిరా. నేను ఈడ్నే ఉంట."

నేను లోపలికి పోయి చెప్పాను. చిన్నత్త పిండి కలుపుతోంది. చేతులు కూడా కడుక్కోకుండా బయటికొచ్చి కారు అద్దం దగ్గర నిలబడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చివరికి చిన్నత్తే అడిగింది.

"కొత్త కారా?"

"పాతదే."

"జర జరుగు అక్కా."

అత్తమ్మ జరిగింది. చిన్నత్త ఎక్కి కూర్చుని, "నడుపు బిడ్డా, ఆగకు," అంది నాతో. ఇంట్లో కూర్చుంటే ఆ మాటలు వచ్చేవి కావేమో. నేను చెరువు కట్ట పక్క రోడ్డు పట్టి మెల్లగా పోతూ ఉన్నాను.

"చెప్పకుంట ఎందుకు తీస్కపోయినవ్?" అంది అత్తమ్మ.

"అమ్మనే తీస్కపొమ్మన్నది. నీకు చెప్తె పోనియ్యవు అన్నది."

నేను కట్ట మలుపు తిరిగాను. తర్వాత అత్తమ్మ గొంతు వినిపించింది. "నిజమే. పోనిస్తుంటినా నేను!" చెల్లెలి వైపు తిరిగి, "ఆఖరికి ఏమన్నది?" అంది.

"ఏమనలే. చాయ్ అడిగింది. పోసిన. తాగి పండుకున్నది."

"సక్కెర ఏసినవా?"

"ఏసిన."

"డాక్టర్ వద్దన్నడు గద."

"అడిగింది అక్కా. ఏసిన."

"మంచిగ చేసినవ్," అంది అత్తమ్మ. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. నేను రోడ్డు మీదే చూపు నిలిపి నడిపాను, నా కళ్లు కూడా మసకబారుతుంటే.

ఆ రోజు చిన్నత్త ఇంట్లో అత్తమ్మ భోజనం చేసింది. గోడకానుకుని, కాళ్లు చాపుకుని, పొద్దు వాలేదాకా కూర్చుంది. "లేద్దామా అత్తమ్మా, పెట్టెలు కట్టాలె," అని నేనే తొందరపడ్డాను. "జర ఆగు. ఏం పరేషాన్ నీది?" అంది. అక్కాచెల్లెళ్లు నానమ్మ వంటల గురించీ, తమ చిన్నప్పటి ఎవరివో పెళ్లిళ్ల గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆ తర్వాత చిన్నత్త తరచూ బోరబండ వచ్చి ఉండేది. నేను గురుగ్రామ్ నుంచి ఫోన్ చేస్తే ఇద్దరి గొంతులూ ఒకేసారి వినిపించేవి, ఒకరి మాట ఒకరు సరిదిద్దుతూ. అత్తమ్మ కిందికి జారినప్పుడు పట్టుకున్నది చిన్నత్తే. నేను చేరేసరికి బోరబండ ఇంట్లో అక్క తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఒక్కతే పోలే బిడ్డా, నేనున్న," అంది. దూరాన ఉన్నదాన్ని, ఆ మాటకు నేను ఎంత రుణపడి ఉన్నానో రాయలేను. చిన్నత్తను తన దగ్గరికి చేర్చుకున్నది మాత్రం అత్తమ్మే. నేను బండి నడిపానంతే.

కర్మకాండలన్నీ అయ్యాక తిరిగి వచ్చాను. ఇక్కడ ఆఫీసులో ఎవరూ ఆమెను ఎరగరు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

కళ్లు మూస్తే నాకు కనిపించేది పాడె కాదు. మేం సామానుతో ఊరు వదిలిన పొద్దున కొంపల్లి దాకా వస్తానని అత్తమ్మ మాతోపాటు కారెక్కింది. ఫ్లైఓవర్ ఇవతల ఆపమంది. దిగి, నా నుదురు నిమిరి, "పోండి, ఎండ ముదురుతది," అంది. నన్ను తీసుకెళ్లడానికి తిరిగొచ్చిన మా ఆయన బండి కదిలించాడు. చేయి ఊపుతుందేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. అప్పటికే ఆమె రోడ్డు దాటేసింది. కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేయి పైకెత్తి, సికింద్రాబాద్ బస్సు వెంట పరుగెత్తుతోంది. బస్సు ఇంకా పూర్తిగా ఆగనే లేదు, ఆమె మెట్టు ఎక్కేసింది.