అత్తగారి ముడుల తాడు

మా అత్తగారు పోయారు. గుమ్మలక్ష్మీపురం సంతనాడు పొద్దున్నే ముంతెడు చోడి అంబలి తాగి, చాప మీద ఎండుతున్న పసుపును ఒకసారి చేత్తో కలియబెట్టి, అరుగు మీద నడుం వాల్చారు. మళ్లీ లేవలేదు. కడుపారా ఏడ్చాను. తీరా ఆవిడ గురించి రాయబోతే నవ్వే ముందు వస్తోంది, ఏం చెయ్యను.

కొండమీది గూడేల వాళ్లు పండించిన పసుపును మా ఇంట చేర్చి, పార్వతీపురం షావుకారుకు అమ్మిపెట్టడం ఆవిడ పని. ఆవిడకు అక్షరం ముక్క రాదు. నేను మిషను బడిలో చదివినదాన్ని. కాపురానికి వచ్చిన ఏడాదే ఉత్తరాల పని నాకు అప్పగించారు. ఇక నా దర్జా చూడాలి.

ఆ ఏడు పసుపు ఎండి సిద్ధంగా ఉంది. షావుకారు దగ్గర్నుంచి కబురు లేదు. వానలు పడితే అంతా బూజు పట్టిపోతుంది. అన్ని గూడేల ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. "మహారాజశ్రీ షావుకారుగారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి మూడు పేజీలు రాశాను. జవాబు రాలేదు. మరింత వినయంగా నాలుగు పేజీలు రాశాను. ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి కోపంగా రాస్తుంటే అత్తగారు వచ్చి పక్కన చతికిలబడ్డారు.

"ఏటి సేత్తన్నావే గుంటా?"

"సావుకారికి గట్టిగా రాత్తన్నానత్తా. మనిసన్నాక జవాబియ్యడా?"

"ఆ మనిసి పసుపు కొనీటప్పుడు సూసినావా? ముందు మాటాడ్డు. కొమ్ము ఇరిసి వాసన సూత్తాడు. అప్పుడు నోరిప్పుతాడు. కాయితానికి వాసనేటుంటాదే?"

నిజమే, నేనూ చూశాను. చూసి ఊరుకున్నాను. ఆవిడ గుర్తుపెట్టుకున్నారు. కొండమీద ఒక రైతు ఉండేవాడు, పసుపు ఇస్తావా అని ఎదురుపడి అడిగితే ఔననడు, కాదనడు. అత్తగారు వెళ్లి ఆయన చోడిచేలో పూటంతా కలుపు తీసేవారు. ఆవిడ వంగి ఉండగానే ఆయన మాట కలిపేవాడు. "పలకనోడిని తిట్టకే. నువ్వు పిలిసిన తీరేటో సూసుకో" అనేవారు.

ఆవేళ మంచి పసుపు కొమ్మొకటి ఏరి, అడ్డాకులో చుట్టి, నారతాడుతో కట్టారు. ఆ తాడుకు ఏడు ముడులు వేశారు. కొండల్లో పెళ్లికి పిలవాలన్నా, కలవడానికి రమ్మన్నా ఇలాగే రోజుకో ముడి వేసి పంపుతారు. అందుకున్నవాళ్లు రోజూ ఒకటి విప్పుతారు. ఆఖరి ముడి విడిన రోజే రావలసిన రోజు.

"ఆకరి ముడి దాకా ఆగుతాను. ఆ తరవాత సరుకు ఏరే సావుకారి కాడికి పోతాదని సెప్పు. బేగెల్లు" అని బండివాడికి ఇచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. పట్నపు షావుకారుకు తాడుముక్క పంపడమా అనుకున్నాను.

ఇంకా మూడు ముడులు మిగిలి ఉండగానే షావుకారు మా వాకిట్లో బండి దిగాడు. నా ఉత్తరాలు అందాయా అని అడిగాను.

"అందాయమ్మా. గుమస్తా సదివి వినిపించినాడు. రెండో పేజీకి నిద్దరట్టేసినాది" అన్నాడు.

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. వాన పడేలోగా పసుపంతా కొండ దిగింది. ఆ తరవాత నేను ఎవరికి రాసినా పది మాటలు దాటనివ్వలేదు. బడి నేర్పనిది ఆవిడ నేర్పారు. నేను ఆవిడకు రుణపడి ఉన్నాను.

పెద్ద దినానికి పిలుపులు నేనే పంపాను. కలం ముట్టలేదు. గూడేనికో తాడు, తాడుకు ఎనిమిది ముడులు. షావుకారుకూ ఒకటి పంపాను. ఆ రోజు కొండ కొండంతా దిగివచ్చింది. వచ్చినవాళ్లు ముడులు విప్పిన తాళ్లను ఆవిడ పసుపు చాప మీద పెట్టి కూర్చున్నారు. ఒకరు ఆవిడ నడకను అభినయిస్తే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. షావుకారు అందరికంటే చివర వచ్చాడు. ఆయన తాడుకు ఒక ముడి మిగిలే ఉంది.

"ఇది ఇప్పడానికి సేతులు రానేదమ్మా" అన్నాడు.

ఆ తాడు నా కలం పెట్టుకునే గూట్లో ఉంది. ముడి నేనూ విప్పలేదు.