పంపుహౌస్‌కి రెండో తాళం

నీటి సరఫరా కార్యాలయంలో ఆమెని అందరూ తాళాలావిడ అంటారు. మొదట్లో వెటకారంగా అనేవారు. ఇప్పుడా మాటలో గౌరవం తప్ప మరేమీ లేదు.

ఆమె అక్కడ టైపిస్టుగా చేరింది. ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతావాళ్ళు జంకితే, ఆమె సాయంత్రం క్లాసులకి వెళ్ళి నేర్చుకుంది. పదిహేనేళ్ళు తిరిగేసరికి వాటన్నిటి బాధ్యతా ఆమె నెత్తినే పడింది.

ఊరి నీళ్ళలో క్లోరిన్ ఎంత కలపాలో, ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో పంపుహౌస్‌లోని కంప్యూటర్ చూసుకుంటుంది. అందులో మార్పులు చేయగలిగే లాగిన్ ఒక్కటే. దాని పాస్‌వర్డ్ ఏడుగురికి తెలుసు. అదీ చాలదన్నట్టు ఎవరో పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించారు. ఒకరోజు క్లోరిన్ మోతాదు మారిపోయింది. వెంటనే సరిదిద్దారు కాబట్టి ప్రమాదం తప్పింది. మార్చిందెవరని అడిగితే ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎవరి లాగిన్ వారికే ఉండాలనీ, పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో రుజువు కూడా చూపిస్తేనే కంప్యూటర్ లోపలికి రానివ్వాలనీ ఆమె పట్టుబట్టింది. ఈ సంగతి విని ఇంట్లో భర్త నవ్వాడు. ఆయన దర్జీ. "ఇంక మన పంచదార డబ్బాకి కూడా రెండు తాళాలేనా?" అన్నాడు. ఆమె కూడా నవ్వింది గానీ, పట్టు వదల్లేదు.

అసలు చిక్కు పంపుహౌస్ ఫోర్‌మన్‌తో వచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసు ఆయనది. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. ఆయన బాగా నొచ్చుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా ఈ నీళ్ళు చూస్తున్నాను. నేను నేనేనని ఇప్పుడు రుజువు చూపించుకోవాలా అమ్మాయ్?"

"మీరెవరో నాకు తెలుసు బాబాయ్. కంప్యూటర్‌కి తెలీదు. మీ పాస్‌వర్డ్ ఎవరు కొట్టినా దాని దృష్టిలో వాళ్ళు మీరే."

ఆమె ఇంకా వాదించలేదు. నాలుగు రోజులు ఉదయాన్నే పంపుహౌస్‌కి వెళ్ళి, ఓ మూల స్టూలు వేసుకుని ఆయన పని చేసే తీరు చూసింది. ఆయనది బటన్ల ఫోను, మెసేజీలు చదివే అలవాటు లేదు. చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. రెంచీలు పట్టీ పట్టీ వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. ఫోన్‌కి నంబరు పంపే పద్ధతీ వేలిముద్ర పద్ధతీ ఆయనకి కుదరవని ఆమెకి అర్థమైంది. చివరికి బొటనవేలంత ఎలక్ట్రానిక్ తాళంచెవి తెప్పించింది. కంప్యూటర్‌కి గుచ్చి, దాని మీద వేలు ఆనిస్తే చాలు, వేలిముద్రతో పని లేదు. ఎవరి తాళంచెవి వారికే. ఆయన రెండుసార్లు ప్రయత్నించి చూసి, "ఇంతేనా?" అన్నాడు. ఆ "ఇంతేనా" వినడానికి నాలుగు రోజులు పట్టిందని ఆమె భర్తతో చెప్పుకుంది.

పెద్ద ఇంజనీరు మాత్రం తనకి మినహాయింపు కావాలన్నాడు. అందరికంటే ఎక్కువ అధికారాలున్న లాగిన్‌కే ముందు తాళం వేయాలని ఆమె మెల్లగా చెప్పింది. ఆయన చూద్దామంటూ రోజులు నెట్టాడు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఫోర్‌మన్ ఎండలో పడి ఆమె గదికి నడిచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడారట. ఆయన పాస్‌వర్డ్ చెప్పేశాడు. ఫోన్ పెట్టేశాక అనుమానం వచ్చిందట.

ఆమె కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టి, తెర వైపు తిరిగింది. ఎక్కడినుంచో ఎవరో ఇంటర్నెట్ ద్వారా ఆయన లాగిన్‌తో మూడుసార్లు ప్రయత్నించారు. పాస్‌వర్డ్ సరిపోయింది. తాళంచెవి లేక మూడుసార్లూ గుమ్మంలోనే ఆగిపోయారు. ఆమె వెంటనే పాత పాస్‌వర్డ్ రద్దు చేసి, ఆయన చేత కొత్తది పెట్టించింది.

"నీళ్ళకేం కాలేదుగా?" అన్నాడాయన.

"ఏమీ కాలేదు బాబాయ్. మంచినీళ్ళు తాగండి ముందు."

మర్నాడు మీటింగులో పెద్ద ఇంజనీరు ఫోర్‌మన్‌కి మెమో ఇవ్వాలన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని ఆమె లేచి నిలబడింది.

"ఆయన వచ్చి చెప్పబట్టి వెంటనే పాస్‌వర్డ్ మార్చగలిగాం సార్. ఇవాళ శిక్షిస్తే రేపు ఇంకొకరు తప్పు చేసి దాచుకుంటారు. అప్పుడు ఏ తాళమూ మనల్ని కాపాడలేదు."

పెద్ద ఇంజనీరు మెమో కాగితం పక్కన పెట్టి, తన తాళంచెవి ఎక్కడ తీసుకోవాలని అడిగాడు.

కొత్తగా చేరినవాళ్ళకి ఇప్పుడు ఈ తాళాల పాఠం చెప్పేది ఫోర్‌మనే. తనకి ఫోన్ ఎలా వచ్చిందో, తానెలా మోసపోయాడో దాచకుండా చెప్తాడు. ఆమె వెనక వరసలో కూర్చుని, మధ్యలో ఒక్క మాట కూడా అందివ్వకుండా వింటుంది.